పంతొమ్మిదో నంబరు హాజరు

కారు నట్లు విప్పే సాకెట్ల సెట్టు ఏది కొనాలన్నది చిదానందకు ఆర్నెల్లుగా తేలలేదు.

ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పే సారు. ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక నోటుబుక్కు కొనే మనిషి. ఈసారి నోటుబుక్కులో ఎడంపక్క సెట్ల పేర్లు, కుడిపక్క వాటి గుణదోషాలు రాసుకున్నాడు. నలభై ఆరు ముక్కలవి, నూట ఎనిమిది ముక్కలవి, రెండు వందల పదహారు ముక్కలవి. పరీక్ష హాల్లో కాపలా ఉన్నప్పుడు కూడా ఫోనులో వాటి బొమ్మలే చూసేవాడు. ఆ ఏడాది పిల్లలు హాయిగా ఒకరి పేపర్లు ఒకరు చూసుకొని రాశారు.

ఇదంతా సరదాకి కాదు. ఆయన భార్య అంబికకు మూత్రపిండాలు పాడయ్యాయి. మంగళవారం, శనివారం ఆదోని నుంచి కర్నూలుకు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. బస్సు కుదుపులు ఆమె తట్టుకోలేదు. అందుకే ఒక పాత కారు కొన్నాడు. బ్రేకు ప్యాడ్లు మార్చమని ఎవరి షెడ్డులోనో ఇస్తే, పాతవాటినే గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టి పంపారు. ఆ సంగతి కర్నూలు దారిలో గొర్రెల మంద అడ్డొచ్చినప్పుడు తెలిసింది. కారు ఆగింది గానీ ఆగాల్సిన చోట ఆగలేదు. రెండు గొర్రెలు పోయాయి. అంబిక రోడ్డు మీద వాటిని చూస్తూ, "ఈసారి గొర్రెలు," అంది.

ఆ మాట ఆయన గుండెలో దిగబడిపోయింది. ఇక నా కారు నేనే చూసుకుంటాను అనుకున్నాడు. అలా కాశింవలి ఉస్తాద్ దగ్గర చేరాడు.

కాశింవలికి డెబ్బై దాటాయి. దూదేకుల వాళ్ల ఇంట పుట్టి, దూది వదిలేసి ఇంజన్లు పట్టుకున్నవాడు. ఊరి చివర, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు ఒకటి మూతబడి ఉంది. దాని బాయిలరు గదే ఆయన షెడ్డు. మిల్లు ఆగి ముప్పై ఏళ్లయినా, మిట్టమధ్యాహ్నం పైకప్పు కంతల్లోంచి ఎండ దిగితే ఆ వెలుగులో దూది పీచు సన్నగా తేలుతూ ఉండేది. ఎక్కడి నుంచి వస్తోందో చిదానందకు అర్థమయ్యేది కాదు. ఊడ్చినా ఉండేది. వాన కురిసిన మర్నాడూ ఉండేది.

మొదటి ఆదివారం ఉస్తాద్ ఆయన్ను "సార్" అన్నాడు. నాలుగో ఆదివారం "నాయనా" అన్నాడు. ఆ పిలుపుకు చిదానంద లోలోపల పొంగిపోయాడు. నలభై ఏడేళ్ల వయసులో ఒకరికి శిష్యుడు కావడం అందరికీ దొరికే భాగ్యం కాదు మరి.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. పని ముగిశాక, బండి కదిలే ముందు, ఉస్తాద్ తన చెక్కపెట్టె తెరిచేవాడు. వేపచెక్కలో ఉలితో తొలిచిన ఎనిమిది గుంటలు, గుంటకొక సాకెట్టు. ఆయన సాకెట్ల సైజు నంబర్లు పిలిచేవాడు. చిదానంద ఒక్కో గుంట మీద వేలు పెట్టి పలకాలి.

"ఎనిమిది."

"ఉంది."

"పది."

"ఉంది."

రోజూ హాజరు పిలిచే మనిషి ఇక్కడ హాజరు పలకాల్సి వచ్చినందుకు చిదానందకు నవ్వొచ్చేది. పన్నెండు, పదమూడు, పధ్నాలుగు, పదిహేడు. అక్కడితో నవ్వు ఆగిపోయేది.

"పంతొమ్మిది," అనేవాడు ఉస్తాద్.

ఆ గుంట ఖాళీ. చిదానంద ఏమీ అనకూడదు. ఉస్తాద్ తల కాస్త పక్కకు వంచి, వాకిలి వైపు చెవి పెట్టి, ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు ఆగేవాడు. అంతసేపూ పైన పావురాలు కూడా కదిలేవి కావు. తర్వాత మామూలు గొంతుతో "ఇరవై ఒకటి" అని, పెట్టె మూసేవాడు. పంతొమ్మిది సైజుండే చక్రాల నట్లు బిగించడానికి మాత్రం గోడకు తగిలించిన వేరే స్పానరు వాడేవాడు.

ఒకరోజు చిదానంద ఉండబట్టలేక అడిగాడు. "లేనిదాన్ని ఎందుకు పిలుస్తారు ఉస్తాద్? నేను కొత్తది తెచ్చిపెడతా. లేకపోతే ఆ నంబరు కొట్టేయండి. మా రిజిస్టర్లో బడి మానేసినవాళ్ల పేర్లు అట్లే కొట్టేస్తాం."

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. "వాడు మానేసినాడని నీకెవరు చెప్పినారు?" అన్నాడు.

చిదానంద తల దించుకొని సామాను సర్దడం మొదలుపెట్టాడు.

మిల్లు గేటు దగ్గర టీ కొట్టు ఈరన్న అసలు సంగతి చెప్పాడు. "ఓబులేసు అని శిష్యుడు ఉండె సార్. ఇరవై రెండేళ్ల కింద మాట. జీపు రిపేరు చేసి, ఎట్లుందో చూసొస్తానని తీసకపోయినాడు. ముందు చక్రం నట్లు బిగించనే లేదు. వంక కాడ కల్వర్టు మింద చక్రం ఊడిపోయింది. తొందర మనిషిలే. శవం దొరికింది గానీ ఆ పంతొమ్మిది సాకెట్టు మాత్రం ఇంతవరకు దొరకలే."

ఆ రాత్రి చిదానంద నోటుబుక్కులో, తొందర పనికి రాదు, అని రాసుకొని కింద గీత గీశాడు. తనకు తొందర లేదు. ఆర్నెల్లుగా సెట్టే కొనలేదు.

తర్వాతి ఆదివారం నోటుబుక్కు ఉస్తాద్ ముందు పెట్టాడు. "మీరే తేల్చండి. ఇంట్లో కారు పనికి ఏ సెట్టు మంచిది?"

ఉస్తాద్ ఆ నోటుబుక్కు తెరవలేదు. తుప్పు పట్టిన నట్టున్న బోల్టు ఒకటి వెతికి, బల్లకున్న పట్టుకారు దవడల మధ్య బిగించాడు. చెత్తడబ్బాలోంచి పాత సాకెట్టు తీసి చిదానందకు ఇచ్చాడు. లోపల పన్నెండు మూలలున్న రకం. "తిప్పు," అన్నాడు. చిదానంద బలంగా తిప్పాడు. సాకెట్టు జారింది, నట్టు మూలలు అరిగి గుండ్రమైపోయాయి. ఉస్తాద్ అట్లాంటి బోల్టే ఇంకోటి బిగించి, తన పెట్టెలోంచి ఆరు మూలలది ఇచ్చాడు. నట్టు కిర్రుమని కదిలింది.

చిదానంద, ఆరు మూలలు, అని రాసుకున్నాడు. "ఎన్ని ముక్కలది తీసుకోవాలి?"

"హాజరు పిలవగలిగినన్ని."

చిదానంద నవ్వాడు. "మా తరగతిలో అరవై రెండు మంది ఉస్తాద్. తల ఎత్తకుండా రెండు నిమిషాల్లో పిలిచేస్తా."

"పిలుస్తావులే. ఎవరు పలకలేదో తెలుస్తాదా?"

చిదానంద దాన్ని ముసలాయన వేళాకోళం అనుకున్నాడు. ఆ వారమే రెండు వందల పదహారు ముక్కల సెట్టు తెప్పించాడు. మంచి ఉక్కు, లోపల ఆరు మూలలు. తిప్పే పిడికి సన్నటి పళ్లు, ఇరుకులో కూడా కాస్త కదిపితే చాలు పట్టుకుంటుంది. పెట్టె తెరిస్తే నగల కొట్టులా మెరిసింది. అంబిక చూసి, "నా పెళ్లికి కూడా ఇంత పెట్టలేదు మా వాళ్లు," అంది. పంతొమ్మిది నంబరువే అందులో మూడున్నాయి, పొట్టిది ఒకటి, పొడుగుది ఒకటి, నల్లది ఒకటి.

ఉస్తాద్ ఒక సాకెట్టు తీసి లోపల వేలు పెట్టి చూశాడు. పిడి తిప్పి చప్పుడు విన్నాడు. "సరుకు మంచిదే," అన్నాడు. పెట్టె వైపు చూస్తూ, "గుంటలు ఎక్కువైనాయి," అన్నాడు.

సోమవారం ఏదో సెలవొచ్చింది. మర్నాడు కర్నూలు వెళ్లాలి. కొత్త ప్యాడ్లు వేసే పని చిదానంద తన ఇంటి ముందు, తన చేత్తో, మొదటిసారి మొదలుపెట్టాడు.

ఏప్రిల్ ఎండ. పన్నెండయ్యేసరికి వీధి మొత్తం ఖాళీ అయిపోయింది. కుక్కలు కూడా కనిపించలేదు. ముందు కుడి చక్రం విప్పి ప్యాడ్లు మార్చి, చక్రం మళ్లీ తగిలించి వేళ్లతో నట్లు ఎక్కించాడు. తర్వాత ఎడమవైపు అట్లాగే చేశాడు. కారు నేల మీదికి దించాడు, ఇక నట్లు గట్టిగా బిగించాలి. ఎడమ చక్రం మొదటి నట్టుకు పొట్టి సాకెట్టు తగిలించి, పిడి కోసం చెయ్యి చాచేసరికి లోపలి నుంచి అంబిక పిలిచింది.

ఆమెకు రోజుకు ఇన్ని నీళ్లని లెక్క. దాహం ఆగకపోతే ఐసు ముక్క చప్పరించాలి. ఆయన చేతులు కడుక్కొని, ఐసు ఇచ్చి, ఆమెకు నిద్ర పట్టేదాకా పక్కన కూర్చున్నాడు. తిరిగొచ్చి కుడి చక్రం దగ్గర కూర్చున్నాడు. అక్కడ పొడుగు సాకెట్టు చేతికి అందింది. దాంతో నాలుగు నట్లూ ఒళ్లు వంచి బిగించాడు. లేచి నడుం విరుచుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. ఇంత పని ఇంకెవరు ఇంత శ్రద్ధగా చేస్తారని కూడా అనుకున్నాడు.

సామాను పెట్టెలో సర్దాడు. ఎక్కడ పట్టిందో అక్కడ పెట్టాడు. రెండు వందల పైచిలుకు గుంటల్లో అన్నీ నిండుగానే కనిపించాయి. మూత వేయబోతూ ఉస్తాద్ గుర్తొచ్చి, సరే, ఆయన ముచ్చట కూడా తీరుద్దామని అరుగు మీద కూర్చున్నాడు. పెట్టె ఒళ్లో పెట్టుకొని, తరగతిలో లాగే తల దించుకొని పిలవడం మొదలుపెట్టాడు. పిలిచేదీ తనే, పలికేదీ తనే.

"ఎనిమిది. ఉంది. పది. ఉంది. పన్నెండు. ఉంది." గొంతు దానంతట అదే సాగిపోయింది. "పదమూడు. ఉంది. పధ్నాలుగు. ఉంది. పదిహేడు. ఉంది. పంతొమ్మిది."

"ఉంది ఉస్తాద్."

"ఇరవై ఒకటి. ఉంది," అన్నాడు చిదానంద.

అన్నాక వేలు ఆగిపోయింది.

ఆ పలికింది తను కాదు. అంబిక గొంతు కాదు. మగ గొంతు, చిన్న వయసుది, దుమ్ము మింగినట్టు బొంగురుగా ఉంది. కారుకు అవతలి వైపు నుంచి వచ్చింది. మనిషి నిలబడి మాట్లాడితే వచ్చే ఎత్తులో లేదు. చక్రం పక్కన గొంతుక్కూర్చున్నవాడు పలికినట్టుంది. పైగా ఈ వీధిలో తనను ఉస్తాద్ అనేవాళ్లు ఎవరున్నారు?

చిదానందకు భయమేసింది. చిన్నప్పుడు తప్ప మళ్లీ ఎప్పుడూ అంత భయం ఎరగడు. ఎండలో కారు పైరేకు టిక్కుటిక్కుమంటోంది. కారు కింది నుంచి చూస్తే అవతల నేల కనిపిస్తోంది, పాదాలేమీ లేవు. చాలాసేపటికి గోడ పట్టుకొని లేచి, కారు ముందు నుంచి చుట్టి, ఎడమవైపుకు వచ్చాడు.

ఎవరూ లేరు.

మొదటి నట్టు మీద పొట్టి సాకెట్టు వేలాడుతోంది. దాని అంచున వేలెడంత దూది పీచు చిక్కుకొని ఉంది, గాలి లేకపోయినా మెల్లగా ఊగుతోంది. ఆ వీధిలో పత్తి ముట్టేవాళ్లు ఒక్కరూ లేరు. ఆయన సాకెట్టు తీసి నట్టు మీద వేలు పెట్టాడు. తిరిగింది. రెండోది తిరిగింది. నాలుగు నట్లూ వేళ్లకే తిరిగాయి.

ఇంట్లోకి పరుగెత్తాడు. అంబిక నిద్రపోతోంది. గిన్నెలో ఐసు నీళ్లయిపోయింది. ఆమె ఊపిరి వింటూ మంచం పక్క నేల మీద చతికిలబడ్డాడు. రేపు తెల్లారి ఆరింటికి ఆమెను కూర్చోబెట్టుకొని కర్నూలు రోడ్డెక్కేవాడే కదా.

తర్వాత బయటికొచ్చి నట్లు బిగించి, స్కూటరు మీద మిల్లుకు వెళ్లాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఉస్తాద్ వింటూ ఒక్కటే అడిగాడు.

"ఏమన్నాడు? వాడు అన్నది అన్నట్టు చెప్పు."

"ఉంది ఉస్తాద్, అన్నాడు."

"నిన్ను ఉస్తాద్ అన్నాడా?"

"అవును."

ఉస్తాద్ బాయిలరు గట్టు మీద కూర్చొని వాకిలి వైపు చూశాడు. ఆ వెలుగులో దూది పీచు తేలుతూనే ఉంది.

"ఇరవై రెండేళ్లుగా పిలుస్తా ఉండా," అన్నాడు. "నాకు ఒక్కసారి కూడా పలకలే."

"ఇంటికి పో నాయనా," అన్నాడు ఉస్తాద్. ఆయన గొంతు అట్లా విరిగిపోవడం చిదానంద ఎప్పుడూ వినలేదు.

మంగళవారం తెల్లవారింది. చిదానంద రాత్రంతా కన్ను మూయలేదు. నాలుగుసార్లు లేచి నట్లు చూసుకున్నాడు, నాలుగుసార్లూ బిగువుగానే ఉన్నాయి. అయినా చూసిన ప్రతిసారీ నమ్మకం ఇంకొంచెం తగ్గింది. అంబిక ఫైలు ఒళ్లో పెట్టుకొని కారు ముందు సీట్లో కూర్చుంది. ఆయన ఇంకా అరుగు మీదే ఉన్నాడు.

"బస్సులో పోదాం," అన్నాడు.

"నిన్నంతా దాని కింద దొర్లి, ఇప్పుడు బస్సంటారేంది?" అంది అంబిక. "బస్సులో నేను కర్నూలు దాకా ఉంటానా?"

ఆ బస్సు ప్రయాణం ఆమె ఒంటికి ఎంత చేటో ఆయనకు తెలుసు. ఈ కారు ఎంత చేటో మాత్రం తెలియడం లేదు.

గేటు చప్పుడైంది. కాశింవలి ఉస్తాద్. లుంగీ మోకాళ్ల దాకా దుమ్ము కొట్టుకుపోయింది. మిల్లు నుంచి మూడు కిలోమీటర్లు. ఓబులేసు పోయిన నాటి నుంచి ఆయన ఏ బండీ ఎక్కలేదని, ఎంత దూరమైనా నడకేనని ఊళ్లో అందరికీ తెలుసు.

చిదానంద ఎదురెళ్లాడు. "ఆ సెట్టు వాపసు ఇచ్చేస్తా ఉస్తాద్. మీ మాట వినకుండా తప్పు చేసినా. ఎనిమిది ముక్కలదే కొంటా."

"నా పెట్టెలో ఆ పొద్దు కూడా ఎనిమిదే ఉండె నాయనా," అన్నాడు ఉస్తాద్.

చిదానందకు అర్థం కాలేదు.

"ఓబులేసు బిగించకుండా పోయినాడని ఈరన్న నీకు చెప్పే ఉంటాడు. ఊరంతా అదే అనుకుంటాది. నేనూ కాదనలే." ఉస్తాద్ ఎడమ చక్రం ముందు మెల్లగా కూర్చున్నాడు. "ఆ చక్రం బిగిస్తా ఉండింది వాడు కాదు, నేను. నడుమ చాయ్ వచ్చింది. సాకెట్టు నట్టు మిందే వదిలి తాగినా. లేచి, చూడకుండానే పెట్టె మూసి, అన్నీ ఉండాయి, పోయిరా అన్నా. ఉస్తాద్ చెప్పినాడు గదా అని వాడు పోయినాడు."

వీధిలో ఎవరో పాలు పాలని కేక వేశారు. అంబిక కారు కిటికీలోంచి ముసలాయన్ను చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ చిదానంద నోటుబుక్కులో గీత గీసి పెట్టుకున్న మాట గుర్తొచ్చి, ఆ చచ్చిపోయిన పిల్లవాడి ముందు సిగ్గుపడ్డాడు.

ఉస్తాద్ స్పానరు అడగలేదు. ఒక్కో నట్టు మీద అరచెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, తీశాడు. నాలుగూ అయ్యాక కారు చుట్టూ తిరిగి, మిగతా మూడు చక్రాల దగ్గరా కూర్చొని అదే పని చేశాడు. చివరి నట్టు దగ్గర చెయ్యి తీయడానికి ఎక్కువసేపు పట్టింది.

"నా చేతి మీద నాకే నమ్మకం లేదు ఉస్తాద్," అన్నాడు చిదానంద.

ఉస్తాద్ మోకాళ్లు పట్టుకొని లేచాడు. లుంగీకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు. చెప్పుల మట్టి గేటు అంచుకు గీసి రాల్చాడు. వచ్చి కారు వెనక తలుపు తెరిచాడు. లోపలికి చూస్తూ కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత తల వంచి లోపలికి ఎక్కి, అంబిక వెనక సీట్లో కూర్చొని తలుపు మూసుకున్నాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు.

చిదానంద వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"పోనీ నాయనా," అన్నాడు ఉస్తాద్.